చేప ఏడు

ఇరవై ముక్కలకే ధర చెప్పాడాయన. మిగతా వందా మీరే ఉంచుకోండమ్మా, వాటితో నాకు పని లేదు అన్నాడు.

కిందటి దసరాకి, ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో మా పాత ఇంటి అటక దించాం. ఇల్లు అమ్మేస్తున్నాం కాబట్టి పందిరిమంచం, ఇత్తడి గంగాళం, భోషాణం చూసుకోడానికి విశాఖపట్నం నుంచి ఒక పాతసామాన్ల వ్యాపారి వచ్చాడు. భోషాణం అడుగున ఒక చెక్కపెట్టె దొరికింది. మూత జరిపి చూడగానే ఆయన గంగాళం సంగతి మరిచిపోయి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గుండ్రటి పేకముక్కలు ఒక్కొక్కటే పైకి తీసి, రథమెక్కిన రాజులు పదిమందినీ ఒక వరస, గుర్రమెక్కిన మంత్రులు పదిమందినీ ఒక వరస పేర్చాడు. నల్ల మఖమలు మీద అంటించి అద్దం కట్టిస్తే హోటళ్లవాళ్లు ఎగబడి కొంటారట. అంకెల ముక్కలు వందా పక్కకి తోసేశాడు. తోస్తూ తోస్తూ అందులోంచి ఒకదాన్ని తీసి, గోటితో గీకి చూసి, "ఇది డూప్లికేటమ్మా, తర్వాతెవరో చేసి పెట్టారు" అని గడప వైపు విసిరాడు.

అది చేప రంగులో ఏడు. లేచి వెళ్లి తెచ్చుకున్నాను. ఏదీ అమ్మను అన్నాను.

మా తమ్ముడు నొచ్చుకున్నాడు. ఆ డబ్బులో వాడికీ వాటా ఉంది. "ఆడేవాళ్లు లేరు, ఆట తెలిసినవాళ్లు లేరు. పెట్టెలో చెదలు పట్టే బదులు గోడ మీదుంటే నలుగురూ చూస్తారు కదక్కా" అన్నాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. ఆ పూట నాకు జవాబు తట్టలేదు. ఏడాదిగా అదే ఆలోచిస్తున్నాను. ఇది వాడికోసం రాస్తున్నదే, కాని పాత ఇళ్లలో ఇలాంటి పెట్టెలున్న వాళ్లందరూ చదవాలని ఇక్కడ పెడుతున్నాను.

మా వైపు దీన్ని గంజపా అంటారు. ఒడియావాళ్ల మాట అదే. మిగతా దేశమంతా గంజీఫా. మనకి అలవాటైన పేకలో నాలుగు రంగులు, రంగుకి పదమూడు ముక్కలు. గంజపాలో రంగుకి పన్నెండు: రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. రాణి లేదు, జోకరు లేదు. ఎనిమిది రంగులుంటే ఆఠరంగి, 96 ముక్కలు. పది రంగులుంటే దశరంగి, 120. ఒడిశాలో అంతకు మించిన రంగుల పేకలు కూడా ఉన్నాయి. మా పెట్టెలోది దశరంగి, దశావతారాల పేక. చేప మత్స్యావతారానికి, తాబేలు కూర్మానికి, శంఖం వరాహానికి, చక్రం నరసింహానికి, కమండలం వామనుడికి. గొడ్డలి పరశురాముడు, బాణం రాముడు, నాగలి బలరాముడు, తామర జగన్నాథుడు, కత్తి కల్కి. బుద్ధుడు ఉండాల్సిన చోట జగన్నాథుణ్ణి పెట్టడం ఒడిశా సంప్రదాయం. గుర్తులు ఊరికీ ఊరికీ, చిత్రకారుడికీ చిత్రకారుడికీ కొంచెం మారుతుంటాయి. ఒక్కో రంగుకి ముందువైపు బొమ్మ చుట్టూ పూసిన వర్ణం వేరు కాబట్టే వాటికి రంగులని పేరు.

ఒక ముక్కని దగ్గరగా పట్టుకుని చూడండి. రెండంగుళాల పైచిలుకు గుండ్రం. లక్క పూత లేచిపోయిన అంచు దగ్గర గుడ్డ పొరలు విడిపోయి కనిపిస్తాయి. పాత నూలుగుడ్డని పొరలు పొరలుగా చింతగింజల జిగురుతో అంటించి, సుద్దపొడి కలిపిన జిగురు పైన పట్టించి, ఆరాక రాయితో నున్నగా రుద్ది, గుండ్రంగా కోసి, అప్పుడు బొమ్మ వేస్తారు. పూరీ పటచిత్రాలు తయారయ్యే పద్ధతీ ఇదే. శంఖం పొడి తెలుపు, హింగుళం ఎరుపు, హరితాళం పసుపు, దీపపు మసి నలుపు. రాజుగారి బొమ్మకి పట్టిన ఓపిక అంకెల ముక్కకీ పట్టింది. చేప తొమ్మిది మీద తొమ్మిది చేపలూ ఒకే వైపు ఈదుతుంటాయి, ప్రతి చేపకీ కన్ను ఉంటుంది. ఆ కంటిచుక్కల కోసమైనా వందముక్కల్నీ పక్కకి తోసే చెయ్యి ఒక్క క్షణం ఆగాలి.

ఇంక ఆట సంగతి. నేను చెప్పాల్సిందంతా అందులోనే ఉంది.

మా తాతయ్య, ఎదురింటి ఒడియా పూజారి, కొమ్ముపని చేసే ఇంకొకాయన, ఈ ముగ్గురూ మా వీధరుగు మీద ఆడేవారు. పర్లాకిమిడి కొమ్ముపనికి పేరున్న ఊరు. ఆయన వేళ్ల సందుల్లో ఎప్పుడూ తెల్లటి పొడి ఉండేది, ముక్కలు ముట్టుకునే ముందు పంచెకి తుడుచుకునేవాడు. గుండ్రటి ముక్కల్ని చేతుల్లో కలపడం కుదరదు. దుప్పటి మీద బోర్లా పరిచి, అరచేతులతో పిండి కలిపినట్టు కలిపేవారు. ఒక్కొక్కరికి నలభై. నలభై గుండ్రాలు ఒక చేతిలో ఇమడవు కాబట్టి తాతయ్య రంగుల వారీగా కుప్పలు చేసి ఒళ్లో తువ్వాలు మడతల్లో పెట్టుకునేవాడు. లెక్క ఒడియాలో, జగడం తెలుగులో. ఏక, దుయి, తిని అంటూ పూజారిగారు పట్టులు ఎంచుతుంటే "ఆగండి బాబూ, ఆ నాగలి నాలుగు ఎవలు ఏసినారు?" అని తాతయ్య అడ్డుపడేవాడు.

పగటిపూట ఆడితే రాముడి రాజు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మొదలుపెట్టాలి, రాత్రయితే కృష్ణుడి రాజు ఉన్నవాళ్లు. దశావతార పేకకి చాలా చోట్ల ఇదే కట్టుబాటు. మా పేకలో కృష్ణుడు లేడు గనుక రాత్రిపూట నాగలి రాజుతో మొదలయ్యేది, అన్నగారే కదా అనేవాడు తాతయ్య. ఎనిమిది రంగుల మొగలు పేకలోనూ ఇలాగే పగలు ఎర్ర నాణేనికి, రాత్రి తెల్ల నాణేనికి మొదటి అధికారం. దీపం పెట్టే వేళకి ఆట నడుస్తుంటే ఏ లెక్కన మొదలుపెట్టాలని తగువు పడేవారు.

తురుపు లేదు. ఏ రంగు గొప్పతనం ఆ రంగులోనే. పైగా ఆట మొత్తాన్నీ తిప్పే కట్టుబాటు ఇంకొకటుంది: అన్ని రంగుల్లోనూ పదే పెద్దది కాదు. సగం రంగుల్లో రాజు, మంత్రి, పది, తొమ్మిది, ఎనిమిది అంటూ ఒకటి దాకా దిగుతుంది వరస. తక్కిన సగంలో రాజు, మంత్రి, ఆ తర్వాత ఒకటి, రెండు, మూడు, అందరికంటే కింద పది. మొదటి అయిదు అవతారాలది ఒక తీరు, తర్వాతి అయిదిటిది ఇంకో తీరు. మొగలు పేకలో కిరీటం, తెల్లనాణెం, కత్తి, దాసుడు రంగులకి పది పెద్ద. వీణ, ఎర్రనాణెం, పత్రం, సరుకు రంగులకి ఒకటి పెద్ద. చిన్నప్పుడు నాకిది ఎంతకీ ఎక్కేది కాదు. చేతిలో పది చూసి సంబరపడితే అది ఆ రంగులో అడుగుముక్క అయ్యేది. "ఏ ఊర్లో ఉన్నావో చూసుకుని లెక్కెట్టుకోవాలే పిల్లా" అనేవాడు తాతయ్య.

రాజు వేస్తే ఎదురులేదు, ఆ పట్టు నీదే. మిగతావాళ్లు పనికిరాని ముక్కలు పారేస్తారు. రాజు పోయాక ఆ రంగుకి మంత్రి పెద్ద. మంత్రి పోయాక పది, లేదా ఒకటి. పైనున్నవన్నీ పడిపోతే నీ చేతిలో మిగిలిన బాణం నాలుగే ఆ క్షణానికి హుకుం, అంటే దానికి ఎదురులేదు. కాని అది హుకుం అయిందన్న సంగతి నీకు గుర్తుండాలి. 120 ముక్కల్లో ఏవి పడ్డాయో, ఏవి ఇంకా బతికున్నాయో మనసులో ఉండాలి. గుర్తులేనివాడి చేతిలో గెలిచే ముక్క కూడా పారేసే ముక్కే. రాజులతో గెలవడం ఎవరైనా చేస్తారు. ఆటగాడి పనితనం నాలుగుల్లో, ఏడుల్లో తేలుతుంది. వ్యాపారి పక్కకి తోసింది సరిగ్గా ఆ ముక్కల్నే.

ఇప్పుడు ఆయన విసిరిన చేప ఏడు గురించి.

అసలుది ఎలా పోయిందో ఇంట్లో ఎవరికీ తెలీదు. వీధరుగు పక్కనే కాలవ, అందులో పడి ఉంటుందని అందరి అనుమానం. ఒక్క అంకె ముక్క పోతే ఏమైందని ఎవరైనా అనుకోవచ్చు. 119ని ముగ్గురికి పంచండి చూద్దాం. పంపకం సరిపోదు. పంచినా చేప రంగులో ఆరుకీ ఎనిమిదికీ మధ్య ఖాళీ, ఎవరి ముక్క హుకుమో తేల్చలేరు. రాజు పోయినా ఏడు పోయినా ఆటకి జరిగే నష్టం ఒకటే. పదిహేను రోజులు అరుగు బోసిపోయిందని మా అత్త చెబుతుంది.

అప్పుడు మామ్మ పూనుకుంది. మా అత్త పెళ్లి శుభలేఖలు కొన్ని మిగిలిపోయి ఉంటే మూడింటిని ఒకదాని మీద ఒకటి గంజితో అంటించి, బరువు పెట్టి ఆరబెట్టి, పాత ముక్కని పెట్టి చుట్టూ గీసి, కత్తెరతో కోసింది. చేపలు తనే వేసింది. మామ్మకి చిత్రలేఖనం ఎవరు నేర్పారు? ఆవిడకి వచ్చింది ముగ్గు. అందుకే ఆ ఏడు చేపలూ ముగ్గులో చేపల్లాగే ఉంటాయి. తోక దగ్గర మొదలైన గీత వీపు మీదుగా తల చుట్టి పొట్ట కిందనుంచి మళ్లీ తోకలో కలుస్తుంది, ఎక్కడా చెయ్యి ఎత్తిన జాడ లేదు. కంటికి ఒక్కో చుక్క. వెనక ఎర్ర రంగు దొరక్క పారాణి పూసింది. వెలుతురుకి పట్టి చూస్తే ఇప్పటికీ పారాణి కిందనుంచి "శుభముహూర్తము" అన్న అచ్చక్షరాలు తిరగబడి కనిపిస్తాయి.

ఒక చిక్కు వచ్చిపడింది. మిగతా 119 ముక్కల వీపులు లక్క పట్టిన ముదురెరుపు. దీని వీపు గులాబీ. చేప ఏడు ఎవరి చేతిలో ఉందో కూర్చున్న ముగ్గురికీ తెలిసిపోతుంది. దానికి వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు ఇది: చూడొచ్చు, చూసినట్టు ఆడకూడదు. ఆ ముక్క ఎవరి దగ్గరుందో తెలియకపోతే నువ్వు ఏం వేసేవాడివో అదే వెయ్యాలి. అలా వేస్తున్నారో లేదో పట్టుకునే మార్గం ఎవరికీ లేదు. నాకు తెలిసి ఇరవై ఏళ్లకు పైగా ఆ ముగ్గురూ అలాగే ఆడారు. ఆ కట్టుబాటు మీద తగువు వచ్చినట్టు నేను విననే లేదు.

వ్యాపారి కంటికి ఆ ముక్క సెట్టు విలువ తగ్గించింది. నా లెక్కలో పెట్టె మొత్తంలో సాక్ష్యమున్న ముక్క అదొక్కటే. మిగతావి ఎవరో చిత్రకారుడు వేశాడని చెబుతాయి. అది మాత్రం, ఈ పేకని మనుషులు ఆడారని, ఒక ముక్క లేకపోతే ఉండబట్టలేకపోయారని చెబుతుంది.

గోడకి తగిలిస్తే కాపాడినట్టే కదా అంటాడు తమ్ముడు. వీణని కాపాడాలంటే తీగలు తీసేసి గోడకి తగిలిస్తామా? తీగలు తీసిన వీణ కనీసం ఒక్క వస్తువుగానైనా ఉంటుంది. రాజుల్నీ మంత్రుల్నీ విడదీసిన గంజపా రెండుసార్లు చచ్చినట్టు. రాజులు ఏ ఆటలో రాజులో తెలియని బొమ్మలవుతారు. వంద అంకెలు ఎందుకూ కొరగాని చెత్తవుతాయి. పాత పేకలు విడిముక్కలుగా అమ్ముడవుతుండటం నా కళ్లతో చూశాను. ఒక పెద్ద ఊరి దుకాణంలో రాజుముక్కలు మూడు, దేని జత దాన్నుంచి ఊడబెరికి, మూడు వేరే వేరే పేకలవి, ఒకే చట్రంలో పెట్టారు. కొన్నవాళ్ల తప్పు ఇందులో ఏమీ లేదు, వాళ్లకి చెప్పినవాళ్లే లేరు.

మ్యూజియంల మీద నాకు కోపం లేదని కూడా చెప్పాలి. 1982లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం గంజీఫాల మీద ప్రత్యేకంగా ప్రదర్శన పెట్టింది. అలాంటి శ్రద్ధ పెట్టినవాళ్ల వల్లే ఈ పేకల చరిత్ర మనకింత తెలుస్తోంది. 1527లో బాబరు సింధు పాలకుడు షా హసన్‌కి గంజీఫా పంపించాడని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఈ దేశంలో ఆ పేకకి దొరికే తొలి ప్రస్తావనల్లో అదొకటి. ఆ తర్వాత అబుల్ ఫజల్ అక్బరు దర్బారులో ఆడే పన్నెండు రంగుల పేకని వర్ణించాడు. ఆ జాబితా చదువుతుంటే పర్లాకిమిడి పిల్లగా నాకు ఒళ్లు పులకరించింది. మొదటి రంగు అశ్వపతి. రెండోది గజపతి. ఏనుగుల బలమే తన బలమైన రాజు, ఒరిస్సా ఏలిక లాంటివాడు, అని ఆయనే వివరం ఇచ్చాడు. మూడోది నరపతి. మనం అశ్వపతి, గజపతి, నరపతి అని చరిత్ర పాఠంలో వల్లెవేసిన ముగ్గురు రాజులూ అక్కడ పేకలో కూర్చున్నారు. మనకి నరపతి అంటే విజయనగరం, ఆయన బీజాపూరు అన్నాడు. పటం మారింది, మాట నిలిచింది. మా జిల్లా పేరు ఇవాళ్టికీ గజపతే.

సరిహద్దు మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఊరు అటు వెళ్లింది, జమీందారీలో చాలా గ్రామాలు ఇటు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. పాతపట్నం మాకు నడిచి వెళ్లేంత దూరం, కాని వేరే రాష్ట్రం. గిడుగు రామమూర్తిగారు వ్యవహారభాష గురించి వాదించింది, సవరభాష నేర్చుకుంది ఈ ఊళ్లో మాస్టారుగా ఉంటూనే. అయినా తెలుగు కళల జాబితాలు రాసేవాళ్లు నిర్మల్, కొండపల్లి, చేర్యాల దగ్గర ఆగిపోతారు, ఒడిశా జాబితాలు పటచిత్రాల ఊరు రఘురాజపూర్ నుంచి మొదలవుతాయి. పర్లాకిమిడి గంజపా రెండింటి మధ్యన జారిపోయింది. నిర్మల్ చిత్రకారులు, నకాషీలు కూడా గంజీఫా ముక్కలు చేసినవాళ్లే, కాబట్టి ఇది తెలుగువాళ్లకి పరాయిదేం కాదు. పైగా ఈ ముక్కల మీద ఒక్క అక్షరం ఉండదు. చేపలు ఎన్నో లెక్కపెట్టుకోవడమే. తెలుగు బడికి వెళ్లినవాడు, ఒడియా బడికి వెళ్లినవాడు, ఏ బడికీ వెళ్లనివాడు ఒకే దుప్పటి చుట్టూ కూర్చోవచ్చు. మా అరుగు మీద జరిగింది అదే.

"చేత్తో చేసిన పేక వేలల్లో ఉంటుంది, దాన్ని ఎవరు ఆడతారు? చిత్రకారులు బతకాలంటే చట్రాలకి అమ్మక తప్పదు" అని అడిగేవాళ్లున్నారు. ఇది నిజమైన ఇబ్బంది. 120 ముక్కలు చేత్తో వేయడం ఎన్ని రోజుల పనో ఊహించండి. ఆ కష్టానికి వేలు తక్కువే. అంత పోసి కొన్నది పిల్లల చేతికి ఇవ్వడానికి ఎవరికీ మనసొప్పదు. అయితే పాతకాలంలో ఈ చిక్కు లేదా? ఉంది, దానికి విరుగుడూ ఉంది. గంజీఫా తయారీలో దర్బారు కలం, బజారు కలం అని రెండు తరగతులుండేవి. రాజులకి ఏనుగుదంతం మీద, తాబేటి చిప్ప మీద బంగారు పూతతో సన్నటి పని. బజారుకి గుడ్డ మీదో కాగితం మీదో నాలుగు గీతల్లో తేల్చేసిన చవక ముక్కలు. ఆట బతికింది బజారు కలం మీద. మనం ఇవాళ దర్బారు కలాన్ని మాత్రమే కళ అంటున్నాం, బజారు కలం ఊసే లేదు. చేత్తో వేసినవి చేత్తో వేసినట్టే అమ్మాలి, ఇంకా మంచి ధరకి అమ్మాలి. దాని పక్కనే అచ్చువేసిన చవక పేక ఒకటి, ఆట కట్టుబాట్లు తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన కాగితంతో సహా, దొరకాలి. ఆట తెలిసినవాడికే రేపు చిత్రకారుడి ముక్క విలువ తెలుస్తుంది. మహారాష్ట్రలో సావంత్‌వాడీ రాజకుటుంబం 1970లలో ఆ ఊరి గంజీఫా పనిని మళ్లీ నిలబెట్టింది. అందుకు వాళ్లకి దణ్ణం పెట్టాలి. అలా నిలబడ్డ పని పక్కన ఆట కూడా నిలబడాలన్నదే నా కోరిక. ఒడిశాలో కొన్ని ఊళ్లలో ముసలివాళ్లు ఇంకా ఆడుతున్నారు. వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకునే వయసువాళ్లు కావాలి.

ఇంకో అభ్యంతరం మా నాన్నది. పేక అన్న మాటే ఆయనకి గిట్టేది కాదు. ధర్మరాజంతటివాడే జూదంలో ఏమయ్యాడో చూడండి అనేవాడు. ఆయనకి కారణముంది. మా చిన్నతాత మామూలు పేక, యాభైరెండు ముక్కల పేక, డబ్బు పెట్టి ఆడి రెండెకరాల పల్లం పోగొట్టాడు. గంజపా మీద పందాలు కాసినవాళ్లు లేరని నేను అనను, ఏ ఆట మీదైనా కాస్తారు. పందెం తీసేశాక ఏం మిగులుతుందన్నదే చూడాలి. మన రమ్మీనే 1968లో సుప్రీంకోర్టు ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అంది, అదీ ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో. గంజపాలో పందెం తీసేస్తే జ్ఞాపకశక్తి మిగులుతుంది. వీపు గులాబీగా ఉన్న ముక్కని చూసి కూడా చూడనట్టు ఆడిన ముగ్గురు మనుషులు మిగులుతారు. నాన్నతో ఈ మాట ఆయన ఉండగా అనలేకపోయాను.

పాత పేకని కొత్త పేక ఎలా తోసిందో మన నాలుక మీదే ఉంది. కళావరు, ఆఠీను, తురుపు, ఇవి మచిలీపట్నం రేవులో దిగిన డచ్చివాళ్ల మాటలు: క్లావర్, హార్టెన్, ట్రూఫ్. నేను చిన్నప్పుడు ఆఠీను అంటే ఒడియా ఆఠ, అంటే ఎనిమిది, దాన్నుంచి వచ్చిందనుకునేదాన్ని. నాలుగే రంగులు, అచ్చులో చవగ్గా వస్తాయి, జేబులో పడతాయి, సగం రంగులు తలకిందులు కావు. నేర్చుకోవడం తేలిక, అందుకే గెలిచింది. దాన్ని తప్పుపట్టను. తేలికది వచ్చిందని కష్టమైనదాన్ని మరిచిపోనక్కర్లేదు, అంతే. మైసూరు మూడో కృష్ణరాజ ఒడయరు ఒక పేకని 320 ముక్కల దాకా పెంచాడు. అంత ఎవరూ ఆడక్కర్లేదు. 120 మనవాళ్లు అరుగుల మీద కూర్చుని ఆడినవే.

సరే, నేను చేసింది చెబుతాను. 120 ముక్కలకీ కిటికీ వెలుతురులో ఫొటోలు తీశాను. బరంపురంలో పెళ్లికార్డులు వేసే ఒక ప్రెస్సులో దళసరి అట్ట మీద అచ్చు వేయించి గుండ్రంగా కోయించాను. మొదటి విడత పది కట్టలు, కట్టకి నాలుగువందలు పడింది. వీపులన్నీ ఒకటే ఎరుపు. మామ్మ వేసిన ముగ్గు చేపలు ఉన్నవి ఉన్నట్టే వచ్చాయి. ప్రెస్సు కుర్రాడు దాన్ని కంప్యూటర్లో సరిచేసి మిగతావాటిలాగా చేస్తానన్నాడు, వద్దన్నాను.

మొదటి కట్ట తీసుకుని మా అత్త దగ్గరికి వెళ్లాను. ఆ శుభలేఖ తనదే. ఎనభై దాటింది. ఆడవాళ్లని అరుగు మీదికి పిలిచేవారు కాదు. వీధి తలుపు వెనక బియ్యం ఏరుతూ కూర్చుని మొత్తం ఆట నేర్చుకుంది. ఇవాళ ఏ రంగులో ఒకటి పెద్దదో, ఏ రంగులో పది పెద్దదో తడుముకోకుండా చెప్పగలిగింది మా వంశంలో ఆవిడొక్కతే. ఈ వ్యాసంలో ఆట గురించి రాసిన ప్రతి మాటా ఆవిడకి చదివి వినిపించాకే రాశాను. తమ్ముడి కూతుర్ని మూడో చెయ్యిగా కూర్చోబెట్టాం. దుప్పటి పరిచి కలిపాం, పంచాం. పగలు కాబట్టి రాముడి రాజు ఎవరి దగ్గరుందని అడిగితే పిల్ల చెయ్యెత్తింది.

రెండు ఆటలయ్యాయి. మూడోదానికి కలుపుతూ అత్త ఆగిపోయింది. ముక్కలు బోర్లా ఉన్నాయి, వాటి వీపులు తడుముతోంది.

"ఏటే ఇది, మా అమ్మ ముక్క ఏదీ?"

చేప ఏడు ఉంది అత్తా, అన్నీ ఒకేలా అచ్చేయించాను, ఎవరి దగ్గరుందో ఇప్పుడు ఎవరికీ తెలీదు, ఆ ఇబ్బంది తీరిపోయింది అని చెప్పాను.

"ఇబ్బందెవులికే? పాతది తే."

పెట్టె తెచ్చాను. అచ్చు కట్టలోంచి చేప ఏడు వెతికి తీసేసి, శుభలేఖ ముక్కని దాని చోట పెట్టింది. అట్టకంటే కొంచెం మందం, ఒక పక్క పారాణి వెలిసింది. కలిపి పంచాం. ఆ గులాబీ వీపు పిల్ల చేతిలోకి వెళ్లడం నేను చూశాను, అత్తా చూసింది. పిల్ల మా ఇద్దరి ముఖాలూ చూసింది. అత్త తల దించుకుని తన కుప్పలు సర్దుకుంటూ, "ఊఁ, ఎవలి దగ్గరుందే రాముడు?" అంది.